గుట్ట మీద గుంతలు తవ్వితే ఊళ్లోకి డబ్బు ఎలా వస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ ఊరికి వాటర్‌షెడ్ ప్రాజెక్టు, అంటే వాన నీళ్లు ఒకే వంకలోకి చేరే భూమి మొత్తంలో మట్టిని, నీటిని నిలిపే పనులు, మంజూరైంది, మిమ్మల్ని కమిటీలో వేశారు. ఊళ్లో పెద్దవాళ్లేమో "గుట్ట మీద గుంతలు తవ్వి, వంకలో రాళ్లు పేరిస్తే మనకి ఒరిగేదేముంది, అదే డబ్బుతో సిమెంటు రోడ్డు వేయించుకుంటే పోతుంది కదా" అంటున్నారు. ఈ పనులతో ఊరికి నిజంగా ఆదాయం వస్తుందా, వస్తే ఎవరికి, ఎన్నాళ్లకి అని మీ అనుమానం.

నేను కదిరి, అనంతపురం వైపు ఈ పనుల్లోనే ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. మొదట్లో టేపు పట్టుకుని కందకాల కొలతలు తీసేవాణ్ని, తర్వాత ప్రాజెక్టు నివేదికలు రాశాను, కమిటీల లెక్కలు చూశాను. బాగుపడిన ఊళ్లు చూశాను, లక్షలకు లక్షలు మట్టిలో కలిసిపోయిన ఊళ్లూ చూశాను. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పాలనే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు రోడ్డు గొడవ తేల్చేద్దాం. వాటర్‌షెడ్ నిధుల్లో ఊరి నమ్మకం సంపాదించడానికి మొదట్లో చేసే చిన్న పనులకి కొద్ది శాతమే ఉంటుంది. మిగతాదంతా భూమికి, నీటికి, జీవనోపాధికి పెట్టాల్సిందే. కాబట్టి రోడ్డు ఎలాగూ కుదరదు. కుదిరినా నేను వద్దనే చెప్తాను. పది లక్షల రోడ్డులో సిమెంటు మీ ఊళ్లో తయారయ్యేది కాదు, కంకర మీది కాదు, మిక్సరు బయటిది, చాలాసార్లు మేస్త్రీ కూడా బయటివాడే. ఊళ్లో మిగిలేది నాలుగు రోజుల కూలి. అదే పది లక్షలు కందకాలకి, రాతికట్టలకి పెడితే రాయి గుట్టదే, మన్ను అక్కడిదే, చేతులు మీవే. ఆ డబ్బులో చాలా భాగం కూలి రూపంలో ఊళ్లోనే దిగుతుంది.

ఎంత దిగుతుందో లెక్క వేసుకోండి. 1995లో కొత్త మార్గదర్శకాలతో ఈ కార్యక్రమం మొదలైనప్పుడు హెక్టారుకి 4,000 రూపాయలు ఇచ్చేవారు. 2021 నుంచి మైదాన ప్రాంతాల్లో 22,000, కొండ ప్రాంతాల్లో 28,000 చేశారు. 500 హెక్టార్ల చిన్న వాటర్‌షెడ్ అనుకుంటే 1 కోటి 10 లక్షలు. అందులో సుమారు సగం మట్టి, రాతి, నీటి పనులకి, అంటే 50 లక్షలు అనుకుందాం. దాంట్లో 60 శాతం కూలికి వెళ్తే 30 లక్షలు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు, ఆ రేటుతో చూస్తే 9,700 పైచిలుకు పనిదినాలు. కూలికి వచ్చే కుటుంబాలు నూరు ఉంటే ఇంటికి 97 రోజులు. మూడు నుంచి ఐదేళ్ల మీద పరుచుకుంటే ఇది పెద్ద మొత్తంలా కనిపించదు, నిజమే. కానీ ఉపాధి హామీ కింద ఎలాగూ చేసే మట్టి పనుల్ని కూడా ఇదే ప్లానులోకి తెచ్చుకుంటే రోజులు బాగా పెరుగుతాయి. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశంలో మొదలైందే మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో, దాన్ని వాటర్‌షెడ్‌తో ఎలా కలపాలో మన మండలాల్లో పాత సిబ్బందికి బాగా తెలుసు. వాళ్లని పట్టుకోండి.

ఆ కూలి ఏ నెలలో చేతికొచ్చిందన్నది మొత్తం కంటే ముఖ్యం. వేరుశనగ పీకేశాక మళ్లీ జూన్‌లో వానలు పడి దుక్కులు మొదలయ్యేదాకా మన మెట్ట ఊళ్లలో పని ఉండదు. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లని, పిల్లల్ని వదిలి బెంగళూరు పోయే కాలం అది. సరిగ్గా ఆ నెలల్లోనే కందకాల పని పెట్టాలి. మేం పని పెట్టిన ఒక ఊళ్లో చిల్లర కొట్టు నడిపే ఒక అక్క ఉండేది. ఆమె దగ్గర పొడుగాటి పద్దు పుస్తకం, ఇంటికొక పేజీ. ప్రతి ఏడూ మార్చి నుంచి ఆ పేజీలు నిండిపోయేవి, అప్పు వేరుశనగ పంట వచ్చాక తీరేది, లేదా తీరేది కాదు. కందకాల పని జరిగిన వేసవిలో కూలి డబ్బు పడిన వారం ఆమె కొట్టు అరుగు మీద కూర్చుని ఆ పుస్తకం తిరగేశాను. ఏప్రిల్ పద్దుల మీద ఎర్ర ఇంకుతో అడ్డగీతలు, అన్నీ తీరిపోయినవే. వారానికోసారి కదిరి నుంచి బస్సులో సరుకు తెచ్చుకునే మనిషి ఆ వేసవిలో ఆటో మాట్లాడుకుని రెండుసార్లు తెచ్చింది. ఊళ్లో దిగిన రూపాయి ఒక చేత్తో ఆగదు, కొట్టుకి పోతుంది, దర్జీకి పోతుంది, కోళ్లు అమ్మే ఇంటికి పోతుంది.

అదే మండలంలో ఇంకో ఊళ్లో జేసీబీ దింపారు. రికార్డులో కూలీల పేర్లున్నాయి, గుట్ట మీద కందకాలూ ఉన్నాయి, కూలి మాత్రం డీజిలుకి, బండి అద్దెకి పోయింది. పైగా డ్రైవరు బండి తిరిగే వీలు చూసుకుని తవ్వాడు కాబట్టి కందకాలు గుట్ట చుట్టూ ఒకే ఎత్తులో సమంగా రాకుండా వాలుకి దిగాయి, మొదటి పెద్ద వానకే నీళ్లు ఒక మూలకి చేరి తెంచుకుపోయాయి. కూలీల పని తినేసే యంత్రాలు వద్దని ఉపాధి హామీలో రూలు ఊరికే పెట్టలేదు. మీ కమిటీ మొదటి తీర్మానం ఇదే చేయండి, చేత్తో అయ్యే పని చేత్తోనే. ఇంకో సంగతి, ఈ పనుల్లో ఆడవాళ్లకి, మగవాళ్లకి ఒకే రేటు. పొలం పనుల్లో ఆడవాళ్లకి తక్కువిచ్చే అలవాటున్న ఊళ్లలో ఈ ఒక్క కారణంతో పొలం కూలి కూడా పెరిగింది. పెద్ద రైతులు మీ మీద విసుక్కుంటారు, సిద్ధంగా ఉండండి.

కూలి డబ్బు రెండు మూడు వేసవులతో అయిపోతుంది. తర్వాత ఊరికి మిగిలేది భూమిలో ఇంకిన నీళ్లు. ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు, అందుకే కాస్త ఆగి చెప్తాను.

మన కాళ్ల కింద ఉన్నది చాలా చోట్ల గ్రానైటు. పైన కొన్ని మీటర్లు అరిగిపోయి మొరంలా ఉంటుంది, దాని సందుల్లోనే నీళ్లు నిలిచేది. ఆ పొరలో మనకి చేతికందే నీళ్లు ఘనపరిమాణంలో నూటికి ఒకటి నుంచి మూడు వంతులు. రెండు అనుకుంటే ఒక ఘనపు మీటరు మొరంలో 20 లీటర్లు, అంటే ఇంచుమించు ఒక బిందె. మీ 500 హెక్టార్ల కింద నీటిమట్టం ఒక మీటరు పైకొచ్చిందంటే 10 కోట్ల లీటర్లు చేరినట్టు. వినడానికి సముద్రంలా ఉంటుంది. ఎకరం వరికి పంట కాలం మొత్తం మీద సుమారు 50 లక్షల లీటర్లు పోతాయి. మీటరు నీళ్లు 20 ఎకరాల వరికి సరి. అదే రబీ వేరుశనగకైతే ఎకరాకి 20 లక్షల లీటర్లు అనుకుంటే 50 ఎకరాలు తడుస్తాయి, డ్రిప్పు, స్ప్రింక్లర్లు ఉంటే ఇంకొన్ని. అవే నీళ్లు, పంటని బట్టి ఇరవై ఎకరాల మీద నలుగురైదుగురు రైతులు బాగుపడతారా, యాభై ఎకరాల మీద ఇరవై మంది బాగుపడతారా అన్నది తేలిపోతుంది. నీళ్లు నిలబెట్టడం ఇంజినీరు పని. ఆ నీళ్లని డబ్బు చేసేది, ఎవరి డబ్బు చేయాలో తేల్చేది మీ ఊరు. ఇరవై ఏళ్లలో నేను నేర్చుకున్నది ఇదే.

నీళ్లు పైకొస్తే రెండో పంట వస్తుందని అందరూ చెప్తారు, అది నిజమే. కానీ నా లెక్కలో అంతకంటే పెద్ద లాభం వేయకుండా మిగిలిన బోర్లు. మాకు తెలిసిన ఒక చీనీ (బత్తాయి) రైతు, మూడెకరాల తోట. 2002, 2003 కరువుల్లో తోట బతికించుకోవడానికి వరసగా నాలుగు బోర్లు వేశాడు, మూడు పోయాయి, నాలుగోది ఏడాది పోసి ఆగింది. భార్య మెడలో బంగారం బ్యాంకుకి పోయింది, ట్యాంకర్లతో నీళ్లు తోలించాడు, చివరికి సగం చెట్లు కొట్టేశాడు. కాయలు కాసే చెట్టుని గొడ్డలితో కొట్టాల్సి వచ్చిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను మళ్లీ చూడదలచుకోలేదు. తర్వాత ఆ గుట్టకి కందకాలు, వంకకి పై నుంచి రాతికట్టలు, తోటకి కాస్త ఎగువన నీళ్లు నిలిపి భూమిలోకి ఇంకించే ఊట కుంట పడ్డాయి. రెండో ఏడు అక్టోబరు వానలు వెలిశాక ఆయన, నేను తోటలో నిలబడి ఉన్నాం. ఎప్పుడో వదిలేసిన బోరు పైపు మీద కప్పిన బండ పక్కకి జరిపి, ఒక గులకరాయి లోపల వేసి, పైపుకి చెవి ఆనించి విన్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత అడుగున నీళ్లలో పడిన చప్పుడు నాక్కూడా వినపడింది. ఇంకో రాయి వేశాడు. ఆ బోరుకి మళ్లీ మోటరు దించాడు, మిగిలిన చెట్లు నిలబడ్డాయి, ఐదో బోరు వేయలేదు. ఇవాళ బోరు వేసి, కేసింగు, మోటరు, పైపు దించేసరికి లక్ష దాటిపోతుంది, లోతు పెరిగితే రెండు లక్షలు. ఏ నివేదికలోనూ "ఈ ఏడాది ఊళ్లో వేయకుండా మిగిలిన బోర్లు" అనే గడి ఉండదు. మీరు పెట్టుకోండి. మన ఊళ్లలో రైతు అప్పుల్లో ఎన్ని బోరు గుంతలోంచి పుట్టాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

బోరు లేనివాళ్ల సంగతి? మెట్ట పొలంలో గట్లు వేసి, వాలుకి అడ్డంగా దున్నితే లాభం కొలవడానికి కష్టంగా ఉంటుంది కానీ గట్టిది. వేరుశనగకి ఊడలు దిగే రోజుల్లో, కాయ ఊరే రోజుల్లో రెండు వారాలు వాన మొహం చాటేస్తే పంట సగం పోతుంది. మన జిల్లాకి ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ సగం మూడు నాలుగు పెద్ద వానల్లో వచ్చి పారిపోతుంది. గట్టు ఉన్న చేనులో పదును ఇంకో వారం పది రోజులు నిలుస్తుంది, ఆ పది రోజుల్లో ఇంకో వాన రావచ్చు. పొలంలోనే తవ్వుకునే పంట కుంట ఉంటే ఆ సమయంలో ఒక తడి ఇవ్వొచ్చు. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండు లోతు కుంట అంటే అంచులు నిలువుగా ఉన్నా 2 లక్షల లీటర్లు, ఏటవాలుగా తవ్వుతాం కాబట్టి ఇంకా తక్కువ. ఎకరానికి ఒక తడి, అంతే. ఎవరైనా పంట కుంటతో మూడెకరాలు పండుతాయని చెప్తే నమ్మకండి. కానీ ఆ ఒక్క తడి పెట్టుబడి చేతికి రావడానికి, రాకపోవడానికి మధ్య తేడా కావచ్చు.

పాలు మర్చిపోతారు అందరూ. గట్ల మీద, మేత ఆపిన గుట్ట మీద గడ్డి రావడానికి ఒక్క వాన కాలం చాలు, నీటిమట్టం పెరగడం కంటే ముందే వస్తుంది. మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ జిల్లా, ఇప్పుడు అహిల్యానగర్, హివరే బజార్‌లో 1990ల నడుమ రోజుకి 150 లీటర్లు ఉన్న పాలు తర్వాత 4,000 లీటర్ల దాకా వెళ్లాయి. పాల డబ్బు చిన్నదే కానీ పది పదిహేను రోజులకోసారి పడుతుంది, చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతికే వస్తుంది, పిల్లల ఫీజు, మందుల ఖర్చు దాంట్లోంచే వెళ్తాయి. పంట డబ్బులా ఏడాదికోసారి వచ్చి అప్పులవాడి గుమ్మం దాకా పోయి ఆగిపోదు.

ఇక అసలు పరీక్ష కరువు ఏడు. మంచి వానలు పడిన ఏడు వాటర్‌షెడ్ ఉన్న ఊరు, లేని ఊరు ఒకేలా కనిపిస్తాయి, అప్పుడే "దీనివల్ల ఏం మారింది" అని అడుగుతారు. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1999లో పని మొదలుపెట్టారు. 2002లో పెద్ద కరువొచ్చింది. చుట్టుపక్కల పనులు జరగని ఊళ్లలో కుటుంబ ఆదాయంలో పంటల వాటా 44 శాతం నుంచి 12 శాతానికి పడిపోతే, కొత్తపల్లిలో 36 శాతం దగ్గరే నిలబడింది. ఈ ఒక్క లెక్క మీ ఊరి సభలో చెప్పండి చాలు. కరువు ఏడు వలస పోని కుటుంబం అంటే బడి మానని పిల్లలు, అమ్ముడుపోని ఎద్దులు, వడ్డీకి తేని అప్పు. ఇంకా పెద్ద లెక్క కావాలంటే, దేశంలో 311 వాటర్‌షెడ్‌ల ఫలితాలు కలిపి చూసిన పరిశీలనలో పెట్టిన రూపాయికి సగటున రెండు రూపాయల పైన తిరిగొచ్చింది. కానీ సగటు మాటకి మోసపోకండి, అందులో రూపాయికి ఎన్నో రూపాయలొచ్చినవీ ఉన్నాయి, పెట్టింది కూడా రానివీ ఉన్నాయి.

రానివి ఎందుకు రాలేదో నేను చూసినవి చెప్తాను. మొదటిది, కింద నుంచి పని మొదలుపెట్టడం. చెక్ డ్యామ్ కళ్లకి కనిపిస్తుంది, శిలాఫలకం వేసుకోవచ్చు, కాంక్రీటు బిల్లు పెద్దది, అందుకని అందరికీ ముందు అదే కావాలి. నేను కొలతలు తీసిన ఒక చెక్ డ్యామ్ రెండు వానలకే ఇసుక, మట్టితో నిండిపోయింది. మూడో ఏడు దాంట్లో పశువులు మేస్తున్నాయి. పైన గుట్ట బోడిగా ఉంది, ఒక్క కందకం లేదు, మట్టి రాక ఏమవుతుంది? పనిలో నేనూ ఉన్నాను, గట్టిగా అడ్డం పడాల్సింది, పడలేదు, ఇప్పటికీ ఆ బాధ ఉంది. గుట్ట తల దగ్గర మొదలుపెట్టి, వాలు, పొలాలు, చిన్న వంక, పెద్ద వంక, చివరికి చెరువు, ఈ వరస తప్పకూడదు. మన తెలుగు ఇంజినీరు టి. హనుమంతరావు గారు చెప్పిన చతుర్విధ జల ప్రక్రియ, వాన నీరు, నేలలో తేమ, భూగర్భ జలం, ఉపరితల జలం నాలుగూ కలిపి చూడమని చెప్పేది. 1994లో వాటర్‌షెడ్‌ల మీద కమిటీకి పెద్దగా ఉన్నది ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారు. చాలామంది ఇద్దర్నీ ఒకరే అనుకుంటారు. ఒకాయన నీళ్లు ఎలా నిలపాలో చెప్పారు, ఇంకొకాయన కమిటీ డబ్బు, అధికారం ఊరి చేతికి ఇవ్వమంది. మీకు రెండూ కావాలి.

రెండోది బోర్ల పోటీ. నీళ్లు పైకొచ్చిన వార్త ఊళ్లో దాగదు. డబ్బున్న రైతు ఊట కుంట కింద గట్టు మీదే కొత్త బోరు వేస్తాడు, 2004 నుంచి కరెంటు ఉచితం కాబట్టి తోడడానికి అడ్డేమీ లేదు, నాలుగేళ్లలో నీళ్లు మళ్లీ మొదటికొస్తాయి. ప్రభుత్వం డబ్బుతో, కూలీల చెమటతో నిలిపిన నీళ్లు ఇద్దరి తోటల్లోకి పోయినట్టు. నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అంటాం, 2002 నుంచి ఉంది, కొత్త బోరుకి అనుమతి, బోరుకీ బోరుకీ మధ్య దూరం అందులో ఉన్నాయి. చట్టం ఒక్కటే ఆపలేదు, ఊరు ఆపాలి. హివరే బజార్‌లో సర్పంచ్ పోపట్‌రావ్ పవార్ నాయకత్వంలో ఊరే కూర్చుని వ్యవసాయానికి బోర్లు వద్దనుకుంది, చెరకు, అరటి వద్దనుకుంది, ఏటా పడిన వాన కొలిచి ఆ ఏడు ఎంత పంట పెట్టాలో లెక్క వేసుకుంటుంది. మన దగ్గర కూడా 2000ల్లో ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు నీటి బడ్జెట్ గోడ మీద రాసుకున్నారు. ఎవరి మీదా నిషేధం పెట్టలేదు, లెక్క కళ్ల ముందు ఉండేసరికి చాలామంది వరి తగ్గించారు. మీ ఊళ్లో ఈ మాట ప్రాజెక్టు మొదలవకముందే అనుకోవాలి. కుంట నిండాక అనుకుంటే ఎవరూ వినరు.

మూడోది, నష్టపోయేవాళ్ల మాట ఎత్తకపోవడం. గుట్ట మీద మేత ఆపితే గొర్రెల కాపరులు ఎక్కడికి పోవాలి? రాత్రికి రాత్రి గుట్ట మూసేస్తే వాళ్లు కందకాల్లోనే మందలు తోలతారు, తప్పు వాళ్లది కాదు. మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్క రెండేళ్లు మూయండి, కోసుకున్న గడ్డిలో వాళ్లకి మొదటి వాటా ఇవ్వండి. భూమి లేనివాళ్లకి కూలి తప్ప ఏమీ రాదు, నీళ్లు భూమి ఉన్నవాడి కిందే చేరతాయి కదా. హర్యానాలో సుఖోమాజ్రీ అనే ఊరుంది. 1970ల్లో చండీగఢ్ సుఖ్నా చెరువు పూడిపోతుంటే ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తుందో చూసుకుంటూ పైకి పోతే ఈ ఊరి కొండలు తేలాయి. మేకలు ఆపమంటే ఊరు ఎందుకు ఆపుతుంది? అక్కడ చిన్న మట్టికట్ట కట్టి, నీళ్లలో భూమి లేని కుటుంబాలతో సహా ప్రతి ఇంటికీ సమాన వాటా పెట్టారు. అప్పుడు ఊరే మేకల్ని ఆపింది. కొండ మీద మొలిచిన భాబర్ గడ్డి కోసి కాగితం మిల్లులకి అమ్ముకుంది. మీ దగ్గర అంత చేయలేకపోయినా ప్రాజెక్టులో జీవనోపాధికి వేరే పద్దు ఉంటుంది, అది పూర్తిగా భూమి లేని ఇళ్లకి, ఒంటరి ఆడవాళ్లకి వెళ్లేలా చూడండి. కుంటలో చేపల హక్కు, పూడిక తోలే పని, గుట్ట మీద సీతాఫలం, చింత కాయల హక్కు, ఇవి వాళ్ల పేరు మీద తీర్మానం రాయించండి. నోటి మాట పనికిరాదు.

కింది చెరువు ఆయకట్టుదారుల్ని కూడా పిలిచి మాట్లాడండి. వంక మీద వరసగా చెక్ డ్యాములు కట్టేస్తే మామూలు ఏడు చెరువు మరవ (అలుగు) పారడం మాట అటుంచి తూము దాకా కూడా నీళ్లు రావు. పైవాళ్ల లాభం కిందివాళ్ల నష్టం అయితే మండలం మొత్తానికి మిగిలేది సున్నా. ఎన్ని కట్టలు, ఎంత ఎత్తు అన్నది చెరువుకి వచ్చే నీళ్లు లెక్క కట్టాకే తేల్చమని ఇంజినీరుని అడగండి, అది ఆయన బాధ్యత.

చెరువు మాట వచ్చింది కాబట్టి పూడిక గురించి ఒక ముక్క. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేల పైచిలుకు చెరువుల్ని బాగు చేయాలనుకున్నారు. అక్కడ రైతులు ఒండ్రుమట్టిని సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకి తోలుకున్నారు. ఎర్ర నేలలో నల్లటి ఒండ్రు వేస్తే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఎరువు ఖర్చు కూడా కొంత తగ్గుతుంది. మీ ఊళ్లో ట్రాక్టరు ఉన్న కుర్రాళ్లకి అది ఒక వేసవి సంపాదన. మీ కుంటల పూడిక గట్టు మీద పోసి వదిలేయకండి, తిరిగి కుంటలోకే వస్తుంది.

మరమ్మతుల నిధి ఒకటి ఉంటుంది. 2008 ఉమ్మడి మార్గదర్శకాల్లో సొంత భూమిలో పని చేయించుకున్న రైతు 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, సన్న, చిన్నకారు రైతులు 5 శాతం కట్టాలని పెట్టారు. చాలా ఊళ్లలో ఇది కూలిలో కోసినట్టు రాసుకుని మమ అనిపిస్తారు, లేదా ఖాతాలో పడి అలాగే ఉండిపోతుంది. ప్రాజెక్టు సిబ్బంది వెళ్లిపోయాక తెగిన రాతికట్టకి నాలుగు వేలు కావాలంటే ఎవరూ ఇవ్వరు, ఆ నాలుగు వేల కోసం నాలుగు లక్షల పని పోతుంది. ఖాతా ఎవరి సంతకంతో నడుస్తుంది, ఏటా మే నెలలో ఎవరు వంక వెంట నడిచి కట్టలు చూస్తారు, ఇప్పుడే పేర్లు రాసుకోండి.

చివరిగా ఒక పని, ఇది మీరు ఈ నెలలోనే చేయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పని మొదలవకముందు ఊరి పరిస్థితి రాసి పెట్టండి. నా మొదటి మూడు ప్రాజెక్టుల్లో మేం ఇది సరిగ్గా చేయలేదు, తర్వాత ఎవరు అడిగినా "అప్పుడు ఇలా ఉండేది" అని నోటితో చెప్పడమే తప్ప చూపించడానికి కాగితం లేదు. ఒక వంద పేజీల నోటుబుక్కు చాలు. ఊళ్లో పనిచేసే బోర్లు ఎన్ని, ఎండినవి ఎన్ని, ఒక్కో మోటరు ఎన్ని గంటలు ఆగకుండా పోస్తుంది. రబీలో ఎన్నెకరాలు పచ్చగా ఉంది. పాల కేంద్రంలో రోజుకి ఎన్ని లీటర్లు. వేసవికి ఎన్ని ఇళ్లకి తాళం పడింది. తాగునీటి ట్యాంకరు ఏ తారీకున మొదలైంది. ఊళ్లో పాత దిగుడు బావి ఉంటే ఇంకా మంచిది, మేం ఒక ఊళ్లో బావి మెట్లకి పై నుంచి అంకెలు రాశాం, నెలకోసారి బడి పిల్లలు వెళ్లి నీళ్లు ఎన్నో మెట్టు దగ్గరున్నాయో చూసి పంచాయతీ గోడ మీద రాసేవాళ్లు. మెట్ల మీద అంకెలు మే నెలలో, నీళ్లు అడుగున ఉన్నప్పుడు వేయించండి, వానలు పడ్డాక కింది మెట్లు దొరకవు. రంగు ఎనామిల్ పెయింటే వాడండి, సున్నం ఒక్క వాన కాలానికే పోతుంది.